చౌడమ్మ బదులిచ్చిన మడ్డి

ద్రాక్ష తప్ప మరేదీ కలపలేదని నేను కాగితం మీద పన్నెండు సార్లు చేవ్రాలు చేసినాను. ఆ మాట నిజమో అబద్ధమో మాత్రం పన్నెండేళ్లూ తేల్చుకోలేకపోయినాను.

మేము కతోలికులం. మా ఇంట్లో ఏటా గుడి పూజకు ద్రాక్షారసం చేసేవాళ్లం. సోమందేపల్లె దగ్గర మా పల్లెలో ఉన్న చిన్న గుడికే కాదు, చుట్టుపక్కల పదకొండు గుళ్లకు మా జాడీల నుంచే పోయేది. మద్యనిషేధం రోజులవి. పర్మిటు గుడి పేరు మీద ఉండేది. పని మా అమ్మ సుంకమ్మది. చేవ్రాలు నాది, ఎందుకంటే నేను ఆ గుడికి ఉపదేశిని, గురువులు, అంటే మా స్వాములు, లేని రోజుల్లో జపాలు చెప్పించేవాడిని. "పండిన ద్రాక్షల రసము తప్ప మరి ఏ వస్తువును ఇందులో చేర్చలేదని నా మనస్సాక్షిగా" అని ఆ కాగితం మొదలయ్యేది. వానలు ముఖం చాటేసి, ఇంట్లో సంగటి ఒక పూటకు దిగిన ఏళ్లలో కూడా, సుంకమ్మ చేసిన రసం మీద స్వాములు పూజ చేస్తారన్న మాట ఒకటి మాకు మిగిలేది. ఆ మాటతో మేము తల ఎత్తుకుని తిరిగేవాళ్లం.

మా వంటింటి ఉట్టి మీద ఒక పిడత ఉండేది. అందులో అరచేయంత గుడ్డముక్క. రసం పులిసి తేరుకున్నాక జాడీ అడుగున మడ్డి దిగుతుంది గదా, మా అమ్మ ఆ మడ్డిలో గుడ్డను తడిపి, నీడలో ఆరబెట్టి, ఉట్టి ఎక్కించేది. మరుసటి ఏడు కొత్త రసంలో పది మంగళవార్త జపాలు చెప్పేంతసేపు ఆ గుడ్డను ఆడించి తీసేది. పాలకు తోడు వేసినట్టే. అంతవరకు నాకేం చింత లేదు. ద్రాక్ష మడ్డి ద్రాక్షలోకే పోతుంది.

నా చింత మొట్టమొదటి మడ్డి గురించి. అది నేను ఉపదేశిని కావడానికి మూడేళ్ల ముందు మాట. నిషేధం రాకముందు మా అమ్మ రసం రెండేళ్లు వరసగా చెడి పుల్లటి సిరకా అయిపోయింది. ఇంకోసారి చెడితే బెంగుళూరు నుంచి తెప్పిస్తామని అప్పటి స్వాములు అన్నాడంట. అప్పుడు మా అమ్మ ఈతచెట్లు గీసే తిమ్మప్ప ఇంటికి పోయింది. నిషేధం వచ్చి, జవాన్లు వాళ్ల కల్లుకుండలన్నీ పగలగొట్టిపోయిన వారమే అది. ఒక్క కుండ గడ్డివామిలో దాగి మిగిలింది. తిమ్మప్ప భార్య చౌడమ్మ ఆ కుండ గీకి, టెంకాయ చిప్పలో మడ్డి పోసి, మా వాళ్లు వాళ్ల వాకిట్లోకి పోయే రోజులు కావు గనక, గోడ మీద పెట్టింది.

"ఇది బదులు సుంకమ్మా, దానం గాదు. నా ఇంట్లో తోడు లేకుండా అయితాంది. మళ్ళా ఇయ్యల్ల," అనిందంట.

ఆ ఏడాది రసం చెడలేదు. ఆ తర్వాత ఏ ఏడాదీ చెడలేదు. అంటే పూజ బల్ల మీదికి పోయే రసంలో మొదట పడింది ఈతకల్లు మడ్డి. అది పాపమా? అడగడానికి నాకు నోరు రాలేదు, అడగకుండా ఉండడానికి మనసు ఒప్పలేదు. ఏటా ఏప్రిల్‌లో కాగితం వచ్చేది, నేను చేవ్రాలు చేసేవాడిని.

1961 వేసవిలో శౌరి స్వాములు వచ్చినారు. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు, కాలేజీలో రసాయన శాస్త్రం చదివి తర్వాత గురువైనాడు. వచ్చిన వారానికే మా ఇంటికి వచ్చి, మంచం మీద కూర్చుని, జేబులోంచి దూదితో బిరడా పెట్టిన గాజు గొట్టం తీసినాడు. లోపల ఏటవాలుగా గంజి గడ్డలాంటిది, దాని మీద మీగడ రంగు పూత.

"రాయప్ప గారూ, ఇది ఈస్టు. యూరపులో ద్రాక్షారసానికని ఏరి, వేరుచేసి, పెంచి అమ్ముతారు. బెంగుళూరు నుంచి తెప్పించాను," అన్నాడు.

"వానికి గారు ఎందుకు సామీ, కొమ్ములొస్తాయి," అనింది మా అమ్మ వంటింట్లోంచి. తర్వాత వచ్చి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "దీన్ని ఏం చేస్తారు?"

"రసంలో వేస్తామమ్మా. పులవడం అంటే ఇవి తీపిని తిని చేసే పనే. ద్రాక్ష తొక్క మీద బూడిదలాంటి పొర ఉంటుంది చూడండి, అందులోనూ అడవి ఈస్టు ఉంటుంది. మీ రసం దానితోనే పులుస్తోంది. కానీ అడవివి నమ్మకమైనవి కావు. ఒక ఏడు బాగుంటుంది, ఒక ఏడు చెడుతుంది."

"మాది చెడలేదు సామీ."

"ఇంతవరకు."

మా అమ్మ నా ముఖం చూసింది. నేను నేల చూసినాను.

స్వాములు చెడ్డవాడు కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దామన్నాడు. ఒకే తోట పండ్లు, ఒకే రోజు పిండిన రసం, ఒకే కొలత జాడీలు. ఒకదానిలో గొట్టం ఈస్టు, ఒకదానిలో ద్రాక్ష మీద దేవుడు పెట్టింది మాత్రమే. గొట్టంది గెలిస్తే ఇకమీద రసం ఆయన గదిలోనే తయారవుతుంది. రెండూ ఓడితే, బెంగుళూరు నుంచి సీసాలు వస్తాయి.

పండ్లకు మడకశిర దగ్గర హనుమంతప్ప తోటకు పోయినాను. ఆ ఏడు బావుల్లో నీళ్లు అడుగంటినాయి. రాతి కంబాల పందిరి కింద సగం తీగలు ఎండి గలగలమంటున్నాయి. నల్ల ద్రాక్ష చిన్నగా, గట్టిగా ఉంది కానీ తీపి నాలుకకు అతుక్కునేంత ఉంది.

"ఏమప్పా ఉపదేశీ, మీ సాములోరికి సీమ పులుపు వచ్చిందంట గదా? మా తోట పండ్లకు మా తోట బూజు చాలదంటనా?" అన్నాడు హనుమంతప్ప.

"చూస్తానన్నాడు అన్నా."

"చూడనీ. దుడ్లు నువ్వు ఇస్తే చాలు, ఎవరు గెలిస్తే నాకేం," అని నవ్వి, బుట్టలో రెండు గుత్తులు ఎక్కువ వేసినాడు.

పిండే రోజు మా అమ్మ జపమాల మెడలో వేసుకుని స్వాముల గదికి వచ్చింది. అక్కడే తప్పు జరిగింది. స్వాములు రెండు జాడీలను వేడినీళ్లతో కడిగి, గంధకం పొగ పట్టించి, తెల్లగా తుడిచి పెట్టినాడు. కడవ నీళ్లకు అర మైలు నడిచే కాలంలో రెండు బిందెలు కాగబెట్టి పోసినాడు. "రెండింటికీ సమానంగా ఉండాలమ్మా, శుభ్రంగా ఉండాలి," అన్నాడు. మా అమ్మ కొంగు కింద చేయి పెట్టుకుని నిలబడింది. ఆ చేతిలో గుడ్డ ఉందని నాకు తెలుసు. అది బయటికి రాలేదు.

మిగిలిన రసం మా ఇంటికి తెచ్చుకున్నాం. ఇంటి జాడీలో మా అమ్మ గుడ్డను ఆడించింది. మంగళవార్త జపాలు ఆ రోజు పది కాదు, ముప్పై లెక్కపెట్టినాను.

నాలుగో రోజు స్వాములు మమ్మల్ని పిలిపించినాడు. అనంతపురం కాలేజీ నుంచి అడిగి తెచ్చిన సూక్ష్మదర్శిని కిటికీ పక్కన పెట్టి ఉంది.

"ఇది అడవి జాడీది," అని గాజుపలక మీద ఒక చుక్క వేసి నన్ను చూడమన్నాడు. కన్ను ఆనించినాను. మొదట నా రెప్పవెంట్రుకలే కనబడినాయి. తర్వాత వెలుతురులో సన్నటి గింజలు, రెండు చివరలా మొన తేలి, నిమ్మకాయల మాదిరి.

"నిమ్మకాయలున్నాయి స్వామీ."

"అవే తొక్క మీదివి. ముందు ఇవి రేగుతాయి, కానీ సారా కాస్త చేరేసరికి చచ్చిపోతాయి. తర్వాత గుడ్డు ఆకారంలోవి వచ్చి పని ముగించాలి. అవి ఇందులో ఇంకా కనబడలేదు. ఇప్పుడు నాది చూడండి."

ఆయనది గుండ్రంగా, ఒకే అచ్చు పోసినట్టుగా ఉంది. మా అమ్మ కూడా వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"సామీ, ఒకొకటి పిల్లను చంకనెత్తుకున్నట్టు ఉండాదే."

స్వాములు ఆమె వైపు తిరిగినాడు. "అవునమ్మా. అలాగే పెరుగుతాయి. పిల్ల పెద్దదై విడిపోతుంది. నాకు ఇది అర్థం కావడానికి ఒక ఏడాది పట్టింది."

"నేను నలుగుర్ని కన్నా సామీ," అనింది మా అమ్మ.

ఆ పది రోజులూ ఎండ మండింది. స్వాముల గదిలో వేడికొలిచే కడ్డీ ఫారన్‌హీటు నూట నాలుగు దాటింది. గొట్టం ఈస్టు జాడీ మొదటి మూడు రోజులు బుసబుసమని నురగ కక్కింది. ఐదో రోజు తగ్గింది. ఏడో రోజు ఆగింది. తీపి కొలిచే గాజు బుడ్డిని స్వాములు రసంలో వేస్తే అది మునగకుండా పైనే తేలింది. సగం తీపి అట్లే ఉందన్నమాట. ఎండకు ఈస్టు సొమ్మసిల్లిందన్నాడు. చల్లని దేశంలో పెరిగినవాటికి మా ఊరి ఉక్కలో ఊపిరాడలేదు. అడవి జాడీ ఇంకా అధ్వానం. పైన తెల్లటి పొర కట్టి, సిరకా వాసన ముక్కు పగలగొట్టింది.

పదకొండో రోజు పోయేసరికి స్వాములు బెంగుళూరికి జాబు రాస్తున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"రాయప్ప గారూ, నాది ఓడింది. దాన్ని దాచను. కానీ మీదీ ఓడింది. ఏటా మీది బాగా రావడం అదృష్టమే. పూజను అదృష్టానికి వదలలేను."

ఇంటికి వచ్చి మా అమ్మకు చెప్పినాను. ఆమె కొర్రలు చెరుగుతూ ఉండింది. చేట ఆగలేదు.

"చెప్తే పదిహేనేళ్ల పూజలు చెల్లవంటాడేమోమ్మా. చెప్పకపోతే బెంగుళూరు సీసాలొస్తాయి. ఏం చేయల్ల?"

"చెప్పు."

"పాపమంటే?"

"అంటే అననీ. పాపమైతే తెలియల్ల గదా, యాడికని మోస్తావు? నువ్వు చెప్పకపోతే నేనే చెప్తా," అనింది. తర్వాత చేట కింద పెట్టి, నా వైపు చూసింది. "కానీ రేయ్, ముందు తాగి చూడనీ. తర్వాత చెప్పు."

ఇంటి జాడీలోంచి ఒక లోటాలో వంచినాను. కెంపు రంగు. తేరుకునే దారిలో ఉంది. లోటా మీద ఆకు కప్పుకుని ఎండలో నడిచినాను. దారిలో ఎవరు పలకరించినా నిలబడలేదు.

స్వాములు వాసన చూసినాడు, ఒక గుక్క నోట్లో ఉంచుకున్నాడు. కిటికీ వైపు తిరిగి మింగినాడు.

"ఇది పోయిన ఏడాదిదా?"

"ఈ ఏడాదిదే స్వామీ. ఆ బుట్టల పండ్లే."

గాజు బుడ్డి తెచ్చి వేసినాడు. అది అడుగుదాకా దిగింది. తీపి మిగలలేదు. ఆయన లేచి, వేడికొలిచే కడ్డీ పట్టుకుని, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మా ఇంటికి నడిచినాడు. మా వంటిల్లు చల్లగా ఉంటుందేమోనని ఆయన అనుమానం. జాడీ పక్కన కడ్డీ పెట్టి అర గంట నిలబడినాడు. నూట మూడు.

"నా గదికీ దీనికీ ఒక్క డిగ్రీ తేడా," అన్నాడు. "మరి నా జాడీలో ఎందుకు రాలేదు?"

"మీరు కడిగినారు స్వామీ."

"కడగడం తప్పా?"

"కడిగి ఊరికే వదిలినారు. మేము వదలం," అన్నాను. ఉట్టి మీది పిడత దించి గుడ్డ చేతికిచ్చినాను. అంతా చెప్పినాను. సిరకా అయిన రెండేళ్లు, పగిలిన కుండలు, టెంకాయ చిప్ప, గోడ. నా పన్నెండు చేవ్రాళ్లు. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఒక్క మాట కూడా సర్దలేదు.

ఆయన జాడీ అడుగునుంచి ఒక గరిటె మడ్డి అడిగి తీసుకుని పోయినాడు.

మూడు రోజులు కబురు లేదు. ఆ మూడు రోజులూ నేను సాయంత్రం జపం సగంలో మర్చిపోతూ ఉంటిని. నాలుగో రోజు ఆదివారం. పూజ అయినాక నన్నూ మా అమ్మనూ గదికి రమ్మన్నాడు. తలుపు తీయగానే వినబడింది. ఆగిపోయిన గొట్టం జాడీ మళ్ళీ పలుకుతోంది. పైన గుడ్డ కట్టు చిన్నగా లేచి దిగుతోంది.

"మీ మడ్డి ఒక్క గరిటె వేశాను. మరుసటి రోజే లేచింది," అన్నాడు స్వాములు. ఆయన గొంతులో ఓడిన మనిషి లేడు. తాయిలం దొరికిన పిల్లవాడు ఉన్నాడు. "రండి, చూడండి."

సూక్ష్మదర్శినిలో ఈసారి నిమ్మకాయలు లేవు. గుడ్డు ఆకారంలోవి, ఆయన గొట్టంవాటికన్నా కొంచెం పొడుగ్గా, నాలుగైదు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసుగా ఉన్నాయి.

"విడిపోకుండా ఉన్నాయి స్వామీ."

"అవును. అందుకే త్వరగా అడుగుకు దిగుతాయి, రసం త్వరగా తేరుకుంటుంది. ఈ ఎండలో బతకడం వీటికి తెలుసు. ఈతచెట్టు మీద, ఎండలో వేలాడిన కుండల్లో, ఎన్ని తరాలు పెరిగాయో!"

నేను అడగాల్సింది అడిగినాను. "స్వామీ, కల్లుదే గదా అది. నా చేవ్రాలు?"

ఆయన చాలాసేపు ఆలోచించినాడు. నాకు ఆ ఆలస్యమే నచ్చింది. చటుక్కున చెప్పి ఉంటే నమ్మేవాడిని కాను.

"మూడు రోజులుగా నన్ను నేనూ అదే అడుగుతున్నాను. నీళ్లు పోస్తే తప్పు, బెల్లం వేస్తే తప్పు. తోడు వేస్తే తప్పని నాకు ఎక్కడా కనబడలేదు. నా గొట్టంలోవాటిని ఏ గంజి మీద పెంచారో నేను అడగలేదు, దాన్ని పూజకు వాడబోయాను. మీవి ఒకప్పుడు ఈతరసం తాగి బతికాయి. పదిహేనేళ్లుగా ద్రాక్షే తాగి బతుకుతున్నాయి." బల్ల మీది కలం అందుకుని అన్నాడు: "మీ చేవ్రాలు అబద్ధం కాదు. కానీ సగం మాట. మిగతా సగం ఈసారి రాద్దాం."

బెంగుళూరు జాబు చింపి, దాని వెనకే చిత్తు రాసినాడు. "పండిన ద్రాక్షల రసము తప్ప మరి ఏ వస్తువును ఇందులో చేర్చలేదు, ఈ ఇంట పెరుగుచున్న తోడుతో పులిసినది." తర్వాత మంచి కాగితం మీద ఎత్తి రాసి నా ముందు పెట్టినాడు. పదమూడోసారి చేవ్రాలు చేసినాను. పేరు కింద గీత కూడా గీసినాను, ఎప్పుడూ గీయలేదు. నా సందేహం పూర్తిగా పోయిందని చెప్పను. అది ఒక్కడినే మోసే బరువు మాత్రం కాకుండా పోయింది.

ఆయన కొత్త గాజు గొట్టంలో మా మడ్డిని ఎక్కించి పెట్టుకున్నాడు. అనంతపురం కాలేజీకి ఒకటి, బెంగుళూరికి ఒకటి పంపుతానన్నాడు. గొట్టానికి చీటీ అంటించి, కలం తీసి, "సుంకమ్మ" అని మొదలుపెట్టబోయినాడు.

"ఏం రాస్తావు సామీ?" అనింది మా అమ్మ.

"మీ పేరమ్మా. ఏ తోడుకైనా పేరుండాలి."

"నాది గాదు గదా. నేను బదులు తెచ్చుకున్నా. చౌడమ్మ అని రాయి."

స్వాముల కలం గాలిలో నిలబడింది. చౌడమ్మ మా ఊరి దేవత పేరు కూడా. గుడి అలమరలో, పూజ పాత్రల పక్కన ఉండబోయే గొట్టం అది. ఆయన నా వైపు చూసినాడు. నేనేమీ సాయం చేయలేదు. సన్నగా నవ్వుకుని, పొందికగా రాసినాడు: చౌడమ్మ, 1961.

మా అమ్మకు చదువు రాదు. నన్ను చదవమనింది. చదివినాను. మళ్ళీ చదవమనింది.

ఆ ఏడు పదకొండు గుళ్లకు కాదు, పంతొమ్మిది గుళ్లకు మా ఇంటి నుంచి రసం పోయింది. స్వాములు తన గదిలోని జాడీలను మా మిద్దెకే పంపించేసినాడు. సూక్ష్మదర్శిని కాలేజీకి తిరిగి ఇచ్చే ముందురోజు మా వీధివాళ్లంతా వరసలో నిలబడి పిల్లలను ఎత్తుకున్న గింజలను చూసిపోయినారు. అందరికీ చూపించింది మా అమ్మే. "కన్ను మూయద్దు, ఆనించల్ల," అని గదమాయిస్తూ.

రసం తేరిన రోజు ఆమె కుమ్మరి దగ్గర ఒక కొత్త కుండ తెప్పించింది. జాడీ అడుగు మడ్డిని అందులో పోసి, అన్ని వైపులకూ తిప్పి, వంచేసి, నీడలో బోర్లించింది. అట్లా మూడు రోజులు, మూడు పూతలు.

"తీసుకపోయి ఇచ్చిరా. ఎన్నేళ్లయింది," అనింది.

"నిషేధం ఉండాదే అమ్మా."

"కుండ ఖాళీదే గదా. జవాను వచ్చినా పట్టుకునేదానికి అందులో ఏముండాది?"

తిమ్మప్ప ఇంటి ముందు, ఆ పాత గోడ దగ్గర ఆగినాను. ఈతచెట్లు ఎక్కే మోకు, వాడకం లేక, లోపల చిలక్కొయ్యకు వేలాడుతూ కనబడింది. చౌడమ్మ జుట్టు పూర్తిగా నెరిసింది. చేనిపనికి పోయి అప్పుడే వచ్చినట్టుంది, కాళ్ల మీద దుమ్ము.

"అత్తా, మా అమ్మ ఇమ్మనింది. మడ్డి బదులు."

కుండ గోడ మీద పెట్టబోయినాను. ఆమె చేతులు చాచి, నా చేతుల్లోంచే తీసుకుంది. లోపలికి చూసింది. తర్వాత ముఖం మొత్తం కుండ మూతిలో పెట్టి గాలి పీల్చింది. అట్లే ఉండిపోయింది.

"మా అత్త కుండ వాసనే రా ఇది," అనింది లోపలినుంచే. ముఖం ఎత్తినాక కళ్లు ఒత్తుకుని, మళ్ళీ ఒకసారి మూచూసింది. "ద్రాక్ష వాసన గూడా ఉండాదే. ఏం రా, వడ్డీనా?"

"వడ్డీనే అనుకో అత్తా."

"సుంకమ్మకు చెప్పు, తీరిపాయనని," అనింది. చిలక్కొయ్య నుంచి మోకు తీసి మంచం మీద వేసి, ఆ కొయ్యకు కుండ తగిలించింది.